నిద్ర పట్టే పందెం

కొనాయెవ్ పట్నంలో కాసినోల వీధికి ఎదురుగా ఉన్న చిన్న హోటల్. ఆదివారం మధ్యాహ్నం. కిటికీ పక్క బల్ల దగ్గర మామా అల్లుళ్ళు. మామ తురార్ కెగెన్ కొండల్లో గుర్రాలు పెంచుతాడు. అల్లుడు ఎల్దోస్ ఈ ఊళ్ళోనే పోకర్ ఆడి బతుకుతాడు.

“అది కాదు నేనడిగింది. పొద్దున ఏం తిన్నావని అడగలేదు. ఏ టేబుల్ దగ్గర కూర్చుంటున్నావని అడిగాను.”

“చెప్తున్నా కదా మామయ్యా. టీ చల్లారిపోతోంది, ముందు తాగండి.”

“టీ తాగడానికి కొండలు దిగి ఇంత దూరం రాలేదు అల్లుడూ. పెద్దదా, చిన్నదా?”

“రెండూ.”

“ఒక్క మనిషివి రెండు గుర్రాలెక్కుతావా?”

“అంటే... రోజుని బట్టి. ఓ రోజు అది, ఓ రోజు ఇది.”

“మన ఊరి వ్యాన్ నడిపే బెక్తుర్ చూశాడట. ఎప్పుడు చూసినా చిన్న టేబుల్ దగ్గరే ఉంటావట నువ్వు. తలుపు పక్కన, పింఛను ముసలాళ్ళతో. ‘తురారన్నా, మీరు పదకొండు గుర్రాలమ్మి ఇస్తే మీ అల్లుడు లక్ష తెంగెలు పెట్టి ఆడే టేబుల్ దగ్గర కూర్చుని సోది చెప్పుకుంటున్నాడు’ అన్నాడు. పదిమందిలో అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చెయ్యను?”

“బెక్తుర్‌కి ఏం తెలుసు మామయ్యా! వాడు ఆ యంత్రాల్లో నాణేలు పోసి మీట నొక్కే రకం.”

“వాడికి తెలీదు. సరే. నాకు చెప్పు. నాకు తెలియాలి. గుర్రాలు నావి.”

“చిన్న టేబుల్ దగ్గర కూర్చోడం సిగ్గుపడే పని కాదు. కూర్చునే ముందు చూసుకోవాల్సింది టేబుల్ ఎంత పెద్దదని కాదు, మన ఆట సొమ్ము ఎంతని. ఆట సొమ్ము వేరు, ఇంటి సొమ్ము వేరు. ఒకదాని చెయ్యి ఇంకోదానికి తగలకూడదు.”

“ఇది గౌహర్ చెప్పింది. నా కూతురు నాకు కాగితం మీద గీసి మరీ చెప్పింది, మూడేళ్ళ కింద. నువ్వు పక్కన కూర్చుని నూనెలో వేగిన బావుర్సాకులు తిన్నావు.”

“విన్నాను కూడా.”

“ఏమని విన్నావో చెప్పు.”

“పెద్ద టేబుల్ దగ్గర ఓసారి కూర్చోడానికి అయిదు లక్షలు. మీరిచ్చింది డెబ్భై ఏడు. మేం కూడబెట్టింది ఇరవై మూడు. మొత్తం కోటి. అంటే ఇరవైసార్లు కూర్చోవచ్చు. బాగా ఆడేవాడికి కూడా ముక్కలు పడని రోజులుంటాయి. వరసగా పదిసార్లు పోయినా మిగతా పదిసార్లు చేతిలో ఉంటాయి. అదే పాతిక లక్షలే పెట్టుకుని పెద్ద టేబుల్ ఎక్కితే, మంచి ఆటగాడైనా ఒక్క వారంలో నడిరోడ్డు మీద ఉంటాడు.”

“మందలాంటిదే. పది గుర్రాలున్నవాడికి ఒక్క చలికాలం గట్టిగా తగిలితే బిచ్చమే. రెండొందలున్నవాడు వసంతానికి మళ్ళీ లేస్తాడు. గుర్రాల మంచితనం కాదు, లెక్క.”

“సరిగ్గా అంతే మామయ్యా!”

“సంతోషించకు. ఇది నాకు అర్థమైంది కాబట్టే డబ్బిచ్చాను. పేకాటకి ఇవ్వలేదు, లెక్కకి ఇచ్చాను. మా తమ్ముడు పేకాటలో ఇల్లు పోగొట్టుకుంటే వాడు చచ్చాక నలభయ్యో రోజు భోజనానికి కూడా నేను వెళ్ళలేదు. నీకు తెలుసు.”

“తెలుసు.”

“అలాంటి వాణ్ణి నీకు గుర్రాలమ్మి ఇచ్చాను. ఇప్పుడు చెప్పు. కోటి ఉంటే పెద్ద టేబుల్‌కి సరిపోతుందన్నావు. ఇప్పుడెంతుంది?”

“కోటీ నలభై.”

“పెరిగింది.”

“పెరిగింది. మీ వాటా మూడు నెలలకోసారి వస్తూనే ఉంది కదా. మీ కొత్త గడ్డి కొట్టం...”

“కొట్టం సంగతి వదిలెయ్. సొమ్ము పెరిగితే మనిషి చిన్న టేబుల్‌కి ఎందుకు దిగుతాడు?”

“హాయిగా ఉంటుందని.”

“హాయిగానా?”

“అవును. సొమ్ము చాలినంత మాత్రాన సరిపోదు మామయ్యా, గుండె కూడా చాలాలి. పెద్ద టేబుల్ దగ్గర పది లక్షలు పోయిన రోజు ఇంటికెళ్ళి పడుకుంటే నిద్ర పట్టాలి. పట్టకపోతే ఆ పందెం మనది కాదు. ఓడినా నిద్ర పట్టే పందెమే మన పందెం.”

“నీకు పడుతోందా?”

“నాకు పడుతుంది.”

“‘నాకు’ అంటున్నావు. మరెవరికి పట్టట్లేదు?”

“ఎవరికో ఎందుకు పట్టదు? మాటవరసకి అన్నాను.”

“ఊఁ.”

“నిజంగా మామయ్యా.”

“ఫోనెందుకు అన్నిసార్లు తిప్పి చూస్తావు? నేను కూర్చున్నాక ఇది ఆరోసారి.”

“టైము చూస్తున్నా.”

“గోడ మీద గడియారం ఉంది. అంత ఉంది, పళ్ళెమంత.”

“అలవాటు.”

“గౌహర్ ఎక్కడ?”

“ట్యూషన్ చెప్తోంది.”

“ఆదివారమా?”

“పిల్లలకి పరీక్షలు. ఆదివారమే ఎక్కువ మంది వస్తారు.”

“ఏ వీధిలో?”

“అదే... రిజర్వాయర్ వైపు. కొత్త ఇళ్ళున్నాయి చూడండి, అక్కడ. ఎవరో డబ్బున్నవాళ్ళు.”

“పద, చూసొద్దాం.”

“పాఠం మధ్యలో వెళ్తే బాగోదు మామయ్యా! సాయంత్రం మేమే ఇంటికి... మేం లేచేసరికి ఆరవుతుంది...”

“‘మేం’ లేచేసరికా?”

“నేను. నేను లేచేసరికి.”

“పది నిమిషాల్లో రెండుసార్లు నోరు జారావు నువ్వు. సరే, ఇదుగో. ఈ కాగితం గుర్తుపట్టావా?”

“మూడు నెలల లెక్క. మేమే పంపాం.”

“చదువు. ఇక్కణ్ణించి.”

“మే పదకొండు, తొమ్మిది లక్షల నలభై వేలు లాభం. మే పంతొమ్మిది, ఆరు లక్షల పదివేలు లాభం. జూన్ రెండు...”

“ఆగు. చిన్న టేబుల్‌కి కూర్చునే డబ్బెంత?”

“లక్ష.”

“లక్ష పెట్టి కూర్చున్నవాడు ఒక్క మధ్యాహ్నంలో తొమ్మిది లక్షల నలభై వేలు ఎలా తెస్తాడు?”

“ఆ రోజు పెద్ద టేబుల్ దగ్గర కూర్చున్నా.”

“మే పదకొండున బెక్తుర్ పెళ్ళివాళ్ళని దింపడానికి ఈ ఊరొచ్చాడు. నిన్ను చూశాడు. ఎక్కడ?”

“రొట్టె ఇంకా రాలేదేంటి? చెప్పి చాలాసేపైంది.”

“చిన్న టేబుల్ దగ్గర. జుకోవ్ అనే ముసలాడితో చేపల గురించి మాట్లాడుతున్నావట.”

“పొద్దున చిన్నది ఆడి, తరవాత పెద్దదానికి మారా. వాడు చూసింది పొద్దున.”

“వాడు చూసింది సాయంత్రం అయిదింటికి.”

“అయితే పొద్దున పెద్దది ఆడా, సాయంత్రం చిన్నది!”

“ఎల్దోస్.”

“ఆఁ.”

“నీ పెళ్ళి గుర్తుందా? కుస్తీ పందెంలో మా దూడల కాపరి మీద డబ్బు కాశావు. పోయింది. రెట్టింపు కాశావు. పోయింది. చివరికి బూట్లు కాశావు. పెళ్ళికొడుకు మేజోళ్ళతో గుర్రం ఎక్కిన పెళ్ళి మా కెగెన్‌లో అదొక్కటే. ఇప్పటికీ చెప్పుకుంటారు.”

“అప్పుడు చిన్నతనం మామయ్యా.”

“ఇరవై ఏడేళ్ళు నీకప్పుడు. ఇప్పుడు ఈ కాగితంలో చూడు. జూన్ రెండు. ‘పది లక్షలు నష్టం. లేచాను.’ జూన్ తొమ్మిది. ‘పది లక్షలు నష్టం. లేచాను.’ జూన్ పదిహేను. ‘ఒంట్లో బాగోలేదు. కూర్చోలేదు.’ ఇందులో ఎక్కడా రెట్టింపు లేదు. ఎక్కడా బూట్లు లేవు.”

“అది రూలు. రెండుసార్లు కూర్చున్న డబ్బు పోతే ఆ రోజుకి లేవాలి. మూడోసారి కూర్చోకూడదు. కోపంలో కూర్చునేది ఆ మూడోసారే.”

“రూలు నాకు నచ్చింది. రూలు పాటించే మనిషే నా ఎదురుగా కనిపించడం లేదు. ఈ కాగితంలో బతికే మనిషి నువ్వు కాదు అల్లుడూ.”

“మనుషులు మారతారు.”

“బూట్లు పోగొట్టుకున్నవాడు మారి కొత్త బూట్లు కొనుక్కుంటాడు. ఇలా మారడు. ఈ చేతిరాత ఎవరిది?”

“గౌహర్‌ది. నా రాత కోడి గీతలు కదా. నేను చెప్తే తను రాస్తుంది.”

“నువ్వు చెప్తే.”

“అవును.”

“‘లేచాను’ అని కూడా నువ్వే చెప్తావు.”

“నేనే.”

“ఫోను మోగింది చూడు.”

“తరవాత చూస్తాలెండి.”

“ఇందాకటిదాకా ఊరికే తిప్పి తిప్పి చూశావు. తీరా మోగాక చూడవా? ఇటివ్వు.”

“మామయ్యా, అది...”

“‘ఒకటి పోయింది. ఇంకొకటి ఉంది.’ ఏంటిది?”

“గొర్రెలు.”

“ఏంటీ?”

“స్నేహితుడొకడు... గొర్రెలు కొన్నాడు. రెండు. ఒకటి పోయిందట.”

“పట్నంలో గొర్రెలా?”

“వాళ్ళ పెద్దవాళ్ళకి. ఊళ్ళో.”

“నలభై ఏళ్ళుగా గొర్రెలూ గుర్రాలూ కాస్తున్న వాడి మొహం మీద గొర్రె అబద్ధం చెప్పావు నువ్వు. ధైర్యం ఉంది. పేరు కూడా లేదిక్కడ. వట్టి చంద్రవంక బొమ్మ. స్నేహితుణ్ణి ఎవడైనా చంద్రవంక అని పెట్టుకుంటాడా?”

“వాడి మొహం అలా ఉంటుంది.”

“అన్నా, మీరు చెప్పిన లగ్మాన్ నూడుల్స్. ఇదుగో రొట్టె. తాతా, టీలో పాలు ఇంకొంచెం పొయ్యనా?”

“వద్దమ్మా, చాలు. నీ పేరేంటి?”

“జుల్దిజ్ తాతా. అన్నా, పార్సిల్ ఇప్పుడే కట్టమంటారా, ఆరింటికా?”

“ఇవాళ పార్సిల్ లేదు జుల్దిజ్.”

“అయ్యో, కట్టేశానే! రోజూ తీసుకెళ్తారు కదాని. ఉల్లిపాయలు కూడా ఏరి తీసేశాను, ఆవిడకి పడవని.”

“లేదన్నాను కదమ్మా. వెళ్ళు.”

“ఆగమ్మా జుల్దిజ్. ఎవరికి పడవు?”

“మామయ్యా...”

“నేను ఆ పిల్లని అడిగాను. ఎవరికమ్మా?”

“నాకు తెలీదు తాతా. అన్న రోజూ ఒక పొట్లం ఎదర కాసినోలోకి తీసుకెళ్తారు. ‘ఉల్లిపాయలు వద్దు, ఆవిడ తినదు’ అంటారు. అంతే. నేను... నాకు వంటింట్లో పనుంది.”

“వెళ్ళు తల్లీ. నీ తప్పేం లేదు. ...ఇప్పుడు చెప్పవయ్యా.”

“ఏం చెప్పను?”

“రోజూ ఒక ఆడమనిషికి కూడు మోస్తున్నావు. పేరు లేని చంద్రవంక నీ ఫోన్‌లో మాట్లాడుతోంది. చిన్న టేబుల్ దగ్గర కూర్చుని పెద్ద టేబుల్ డబ్బు తెస్తున్నావు. నా కూతురు ఇంట్లో కూర్చుని నీ అబద్ధాలు గుండ్రటి అక్షరాల్లో రాస్తోంది. ఇందులో నాకు కనబడనిది ఇంకేమైనా ఉందా?”

“మీరనుకునేది కాదు.”

“నేనేమనుకుంటున్నానో నీకెలా తెలుసు?”

“ఇంకో ఆడదనుకుంటున్నారు. లేదు. అల్లా సాక్షిగా లేదు. గౌహర్ తప్ప నా బతుకులో ఇంకో ఆడమనిషి లేదు.”

“అయితే ఆ పొట్లం ఎవరిది?”

“అక్కడ... అక్కడ పనిచేసే ఒకావిడ. ముక్కలు పంచుతుంది. పాపం, తిండికి బయటికి రావడానికి కుదరదు.”

“ముక్కలు పంచే ఆవిడకి నువ్వు రోజూ కూడు తీసుకెళ్తావు.”

“అవును.”

“ఆవిడ నీకు ముక్కలు పంచుతుంది.”

“...అంటే... అలా కాదు.”

“నేనేం అనలేదు. నువ్వే అన్నావు.”

“మామయ్యా, అక్కడ ఆడవాళ్ళు చాలామంది ఉంటారు. పంచేవాళ్ళుంటారు, ఆడేవాళ్ళుంటారు. బాగా ఆడేవాళ్ళు కూడా. మగాళ్ళకంటే ఓపికగా ఆడతారు. అందులో తప్పేముంది?”

“ఎవరి కూతుళ్ళో ఆడతారు. నాకేం?”

“ఒకవేళ... మాటకి అడుగుతున్నా. మన ఊరి అమ్మాయే ఎవరైనా అలా ఆడితే?”

“మన ఊళ్ళోనా? వాళ్ళ నాన్న ఆ వీధిలో తలెత్తి నడవలేడు. పెళ్ళికి పిలవరు, చావుకి పిలవరు. ‘కూతుర్ని జూదానికి పంపి కొట్టం కట్టుకున్నాడు’ అంటారు.”

“అంటారు.”

“ఎందుకు అడిగావు?”

“ఊరికే.”

“ఊరికే ఏదీ అడగవు నువ్వు ఇవాళ. నుదురు తుడుచుకో. చెమట కారుతోంది.”

“ఇక్కడ వేడిగా ఉంది.”

“కిటికీ తెరిచే ఉంది. ...మళ్ళీ మోగింది.”

“నేను చూస్తాను.”

“చూడు. పైకి చదువు.”

“‘రెండూ పోయాయి. లేస్తున్నా. పావుగంటలో అక్కడుంటా.’”

“రెండో గొర్రె కూడా చచ్చింది.”

“మామయ్యా, మనం వెళ్దాం పదండి. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. ఇప్పుడే. కారు వెనక వీధిలో ఉంది.”

“లగ్మాన్ ముట్టుకోలేదు నేను.”

“ఇంట్లో వండుకుందాం.”

“పావుగంటలో ఇక్కడికి ఎవరొస్తారు?”

“ఎవరూ రారు.”

“చంద్రవంక వస్తుందా? రానీ. నేనూ చూస్తాను. ఉల్లిపాయలు తినని ఆవిడని చూసి, నా కూతురికి కబురు చేసి, దాన్నీ దాని సామాన్లనీ ఇవాళే కెగెన్ తీసుకెళ్ళిపోతాను.”

“అంత మాట అనకండి.”

“నా గుర్రాల డబ్బు, డెబ్భై ఏడు లక్షలు, ఈ బల్ల మీద పెట్టు. తరవాత నీ దారి నీది.”

“డబ్బు ఇచ్చేస్తాను. రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను, పైసాతో సహా. గౌహర్‌ని మాత్రం... దానికి తెలీదు మామయ్యా. ఇందులో దాని తప్పు ఇంత కూడా లేదు.”

“ఏది తెలీదు? ఏ తప్పు?”

“కూర్చోండి. చెప్తాను. చెప్పాక నాతో ఇంటికి రావాలి. ఆవిడ రాకముందే. మాటివ్వండి.”

“వింటాను. మాటివ్వను.”

“...నేను దొంగాట ఆడాను.”

“ఏంటీ?”

“ఆ డబ్బు ఆడి గెలిచింది కాదు. ఆ ముక్కలు పంచే ఆవిడా నేనూ కలిసి... ఆవిడ సైగ చేసేది. నేను చిన్న టేబుల్ దగ్గర ముసలాళ్ళ డబ్బు లాగేవాణ్ణి. రోజుకింత, రోజుకింత. అన్నీ కలిపి పెద్ద టేబుల్ మీద గెలిచినట్టు గౌహర్ చేత రాయించా. అది నమ్మింది. నమ్మి రాసింది.”

“పింఛను ముసలాళ్ళ దగ్గర.”

“అవును.”

“ఆ జుకోవ్ దగ్గర కూడా.”

“అతని దగ్గర కూడా.”

“ముసలాడు నీతో చేపల గురించి మాట్లాడతాడు. నువ్వు వాడి జేబు కొడతావు.”

“...అవును.”

“మూడేళ్ళుగా.”

“మూడేళ్ళుగా.”

“నా కొట్టం పైకప్పు ఆ డబ్బుతో వేశాను. నా మనవళ్ళు పుడితే ఆ కొట్టం కింద ఆడుకుంటారనుకున్నాను.”

“పైకప్పు విప్పించకండి మామయ్యా. ఆ డబ్బు నేను వాళ్ళకి తిరిగి కట్టేస్తాను. కారు అమ్ముతాను. నన్ను పోలీసులకి పట్టిస్తానన్నా సరే, నేను కాదనను. ఊళ్ళో అందరికీ చెప్పండి, దొంగ అని చెప్పండి. గౌహర్‌ని మాత్రం ఏమీ అడగకండి. ఈ ఊళ్ళో అడగకండి, ఊరికెళ్ళాకా అడగకండి. దాన్ని ఈ కాగితం గురించి ఒక్క మాట కూడా అడగనని చెప్పండి చాలు.”

“అడగక ఎలా ఉంటాను? అది నా కూతురు.”

“అందుకే అడగొద్దంటున్నా. మీరు అడిగితే అది అబద్ధం చెప్పలేదు... అంటే, నా కోసం అబద్ధం చెప్పి పాపం మూటగట్టుకుంటుంది.”

“ఎల్దోస్, ఇలా చూడు. నా కళ్ళలోకి. నువ్వు దొంగవి.”

“దొంగనే.”

“నీ తల్లి ఉందింకా. మీ ఊళ్ళో ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? ఆలోచించావా?”

“...ఆలోచించాను. ఇప్పుడే.”

“అయినా దొంగవే.”

“అవును మామయ్యా.”

“మన ఇళ్ళలో రొట్టె అంటే ఏంటో నీకు చెప్పక్కర్లేదు. నేల మీద ముక్క పడితే నుదుటికి ఆనించుకుని ఎత్తుగా పెడతాం. ఇదుగో రొట్టె. దీని మీద చెయ్యి పెట్టి చెప్పు. ‘ఆ డబ్బు నేనే తెచ్చాను, దొంగతనంగా తెచ్చాను’ అను. అన్నావంటే లేచి నీతో వచ్చేస్తాను. గౌహర్‌ని ఒక్క మాట అడగను. చచ్చేదాకా అడగను.”

“నిజంగా అడగరా?”

“తురార్ మాట.”

“...సరే.”

“పెట్టు.”

“పెట్టాను.”

“చెప్పు.”

“ఆ డబ్బు... ఆ డబ్బు నేనే...”

“ఊఁ?”

“నేనే...”

“చెయ్యి తియ్యి.”

“ఆగండి, చెప్తున్నాను! ఆ డబ్బు నేనే...”

“రొట్టె మీంచి చెయ్యి తియ్యమన్నాను! నీ పాపం నా నెత్తికెక్కుతుంది. తియ్యి. హమ్మయ్య. కూర్చో. నీళ్ళు తాగు. మొహం సున్నం కొట్టినట్టు అయింది.”

“నేను చెప్పింది నిజం మామయ్యా. మీరు నమ్మాలి.”

“బెక్తుర్ ఏమీ చూడలేదు. నాతో నీ గురించి ఒక్క మాటా అనలేదు. నేను ఇవాళ రాలేదు, మొన్న సాయంత్రమే వచ్చాను. చిన్న టేబుల్ దగ్గర నిన్ను చూసింది నేనే. జుకోవ్ పేరు నువ్వు గట్టిగా పిలుస్తుంటే విన్నాను. వాడి ముసలి చేతికి నువ్వు చిప్స్, ఆ పందెం బిళ్ళలు, ఏరిచ్చావు తప్ప ఒక్కటి తీసుకోలేదు.”

“మొన్న... మొన్నటినించా? మరి ఇంతసేపూ నన్ను ఈ కాగితాలతో, ఈ ప్రమాణాలతో...”

“పెళ్ళాం వీపు వెనక దాక్కుని తినే మొగుడివా, పెళ్ళానికి ముందు గోడలా నిలబడే మొగుడివా, అది తేల్చుకుందామని. గట్టిగా తడితే ఒక పేరు నీ నోట్లోంచి రాలుతుందనుకున్నాను. దొంగవయ్యావు, తల్లి పరువు తాకట్టు పెట్టావు, రొట్టె మీద చెయ్యి వేశావు. ఆ పేరు మాత్రం చెప్పలేదు.”

“ఏ పేరు మామయ్యా?”

“నిన్న మధ్యాహ్నం మూడు గంటలు నేను ఆ పెద్ద టేబుల్ చుట్టూ కట్టిన తాడు అవతల స్తంభం పక్కన నిలబడ్డాను. మూడో కుర్చీలో కూర్చున్న మనిషి ముందు చిప్స్ కొండలా ఉన్నాయి. చుట్టూ ఆరుగురు మగాళ్ళు రెచ్చగొడుతున్నారు. తన ముక్కలు ఒక్కసారి చూసుకుంది, బోర్లించి పక్కన పడేసి నీళ్ళు తాగింది. చెయ్యి ఇంత కూడా వణకలేదు. నన్ను చూడలేదు, ముక్కలు తప్ప ఇంకేమీ చూడదు. ఆలోచించేటప్పుడు కింది పెదవి కొరుక్కుంటుంది. ఆరేళ్ళప్పుడు నా ఒళ్ళో కూర్చుని ఎక్కాలు అప్పజెప్పేటప్పుడూ అచ్చం అలాగే కొరుక్కునేది నా కూతురు.”